కోపమొచ్చే బ్రీడ్ ఉందా అన్నా?

అనంతపురం పాతూరులో మాది దాణా కొట్టు. తవుడు, పత్తి చెక్క, కోళ్ల మేత మా నాన్న కాలం నాటి సరుకు. పదేళ్లుగా ఒక అర మొత్తం కుక్కల సామానుకు వదిలేశాను. మేత సంచులు, బెల్టులు, గొలుసులు, పిడుదుల మందు. ఆ అర ముందు నిలబడి జనం అడిగే మాటలు వింటే ఎవరు ఏ కుక్కను తెచ్చుకోబోతున్నారో ముందే తెలిసిపోతుంది. ల్యాబ్రడార్ కావాలనుకునేవాడు "పిల్లోళ్లతో బాగుంటుందా అన్నా?" అంటాడు. రాట్‌వీలర్ మీద మనసు పడినవాడు "దీని తల్లి ఎవర్నైనా కరిచిందా?" అంటాడు. కరవలేదంటే మొహం చిన్నబోతుంది.

మొన్న ఎండాకాలం మొదట్లో గార్లదిన్నె వైపు నుంచి ఒక కుర్రోడు వచ్చాడు. ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట ఉందట. కాయ మీదున్నప్పుడు రాత్రిళ్లు దొంగలు పడుతున్నారట. "బాగా కోపమొచ్చే బ్రీడ్ యాదన్నా ఉంటే చెప్పన్నా. బెంగళూరులో పిట్‌బుల్ పిల్లలున్నాయంట, తెద్దామనుకుంటాండా" అన్నాడు. తవుడు అడిగినంత తేలిగ్గా కోపం అడిగాడు. అతన్ని తప్పు పట్టలేను. కొన్ని జాతులకు పుట్టుకతోనే మనుషుల మీద పగ ఉంటుందన్నట్టు టీవీలు చెబుతున్నాయి, ప్రభుత్వమూ ఒక దశలో ఆ మాటే అంది.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమల శాఖ రాష్ట్రాలన్నిటికీ లేఖ రాసింది. ఇరవైకి పైగా రకాల కుక్కలు మనుషుల ప్రాణాలకు ముప్పు కాబట్టి వాటి దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపాలని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని దాని సారాంశం. పిట్‌బుల్, రాట్‌వీలర్, అకిటా, కేన్ కోర్సో, కాకేసియన్ షెపర్డ్, డోగో అర్జెంటీనో అన్నీ అందులో ఉన్నాయి. ఆ జాబితాను నిదానంగా చదివితే నవ్వొస్తుంది. జపాన్ వాళ్ల టోసా ఒకటే జాతి, అది రెండు పేర్లతో రెండుసార్లు కనిపిస్తుంది. 'టెర్రియర్లు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే ఒళ్లో కూర్చోబెట్టుకుని జుట్టుకు రిబ్బను కట్టే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా నరహంతకే. పోలీసుల దగ్గరా పెద్ద బంగళాల గేట్ల దగ్గరా మనం ఎప్పటి నుంచో చూస్తున్న జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ మాత్రం అందులో లేవు.

నెల తిరక్కముందే, ఏప్రిల్ 10న, కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసింది. సంబంధించినవాళ్లతో సంప్రదించకుండా ఇలాంటి నిర్ణయం చేయకూడదంది. కానీ పత్రికల్లో అచ్చయిన జాబితా అప్పటికే జనం ఫోన్లలోకి ఎక్కేసింది. ఆ నెలలోనే మా కొట్టుకు ఇద్దరు వేర్వేరుగా వచ్చి ఫోన్ చూపించి "ఈ లిస్టులో అన్నిటికన్నా డేంజర్ యాది?" అని అడిగారు. ఆపడానికి రాసిన పట్టీ మా దగ్గర కొనుగోలు పట్టీ అయి కూర్చుంది.

మరి ఈ జాతులకు ఆ చెడ్డపేరు నిజంగా తగినదేనా?

పేరు లెక్కల్లోంచి రావాలి. లెక్కల దగ్గరికి పోతే సగం గడులు ఖాళీ. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్క కాట్లు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఏ జాతి ఎన్ని కరిచిందన్న విడదీత అందులో లేదు. అమెరికాలో కొంత ప్రయత్నం జరిగింది. 1979 నుంచి 1998 వరకు కుక్కల దాడిలో జరిగిన మరణాల్లో జాతి వివరం దొరికిన 238 కేసులు తీసి చూస్తే, కనీసం 25 జాతుల పేర్లు బయటపడ్డాయి. సగానికి పైగా మరణాల్లో ఉన్నవి పిట్‌బుల్ తరహా కుక్కలు, రాట్‌వీలర్లు. నిషేధం కావాలనేవాళ్లు ఇప్పటికీ ఎత్తి చూపేది దీన్నే. అయితే ఆ లెక్క కట్టినవాళ్లే, దేశంలో ఏ జాతి కుక్కలు ఎన్నున్నాయో తెలియదు కాబట్టి ఏది ఎంత ప్రమాదమో ఈ అంకెలతో చెప్పలేమని రాశారు. ఆ వాక్యాన్ని ఎవరూ ఎత్తి చూపరు.

ఎందుకు చెప్పలేమో మన వీధితోనే అర్థం చేసుకోవచ్చు. ఒక పేటలో వంద ఊరకుక్కలు, రెండు రాట్‌వీలర్లు ఉన్నాయనుకుందాం. ఏడాదిలో ఊరకుక్కలు పదిమందిని, రాట్‌వీలర్లు ఒకరిని కరిచాయి. కాట్లు లెక్కపెడితే ఊరకుక్క దోషి. కుక్కలతో భాగించి చూస్తే రాట్‌వీలర్ దోషి. ఊరకుక్క కరిస్తే జనం కుట్టించుకుని ఊరుకున్నారు, రాట్‌వీలర్ కరిస్తే పేపర్‌కు ఎక్కింది అనుకుంటే మూడో జవాబు వస్తుంది. భాగించడానికి మన దగ్గర కింది అంకె లేదు. మా ఊళ్లో ఎన్ని రాట్‌వీలర్లు ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. మేత అమ్మే నేను కూడా సుమారుగా తప్ప చెప్పలేను.

పై అంకె మీద కూడా నాకు అనుమానమే. కరిచిన కుక్క ఏ జాతో చెప్పేదెవరు? భయపడి పరిగెత్తినవాడు, లేదంటే విలేకరి. అమెరికాలో ఫ్లోరిడాలోని నాలుగు కుక్కల శరణాలయాల్లో 120 కుక్కలను సిబ్బందికి చూపించి ఆనక డీఎన్‌ఏ పరీక్ష చేశారు. రోజూ కుక్కల మధ్యే బతికే మనుషులు కూడా పిట్‌బుల్ రక్తం బొట్టు లేనివాటిని పిట్‌బుల్ అన్నారు, ఉన్నవాటిలో కొన్నిటిని పోల్చుకోలేకపోయారు. మా దగ్గరైతే తల కాస్త వెడల్పుగా, వెంట్రుక పొట్టిగా ఉంటే చాలు, అది 'పిట్'. రాట్‌వీలర్‌కూ వీధి కుక్కకూ పుట్టినదాన్ని తెచ్చి "ప్యూర్ అన్నా, పేపర్లు లేవంతే" అంటారు.

ఇంకో విచిత్రం, ఈ చెడ్డపేరు ఒక జాతి దగ్గర నిలవదు. మా నాన్న తరానికి భయమంటే అల్సేషన్. అది జర్మన్ షెపర్డే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ పేరు పలకడం ఇష్టంలేక బ్రిటిష్ వాళ్లు పెట్టిన మారుపేరు మనదాకా వచ్చింది. 1929లో ఆస్ట్రేలియా ఆ జాతి దిగుమతినే నిషేధించి దశాబ్దాల పాటు ఎత్తేయలేదు. నేడు అదే కుక్క రైల్వేస్టేషన్‌లో పోలీసుల పక్కన నడుస్తుంటే పిల్లలు చేతులు ఊపుతారు. తర్వాత వంతు డాబర్‌మన్‌ది. జర్మనీలో పన్నులు వసూలు చేసుకునే డాబర్‌మాన్ అనే ఆయన తనకు తోడుగా తయారు చేసుకున్న జాతి అది. (పన్ను వసూలుకు పోయేవాడికి కుక్క ఎందుకు కావాల్సి వచ్చిందో మన వీఆర్వోలను అడగాలి.) ఆ తర్వాత పిట్‌బుల్, రాట్‌వీలర్. ఒక తరం దేన్ని చూసి జడుసుకుంటుందో, ఆ తరంలో పౌరుషం చూపించుకోవాలనుకునేవాళ్లు దాన్నే కొంటారు. కొన్నాక పేరు పోకుండా చూసుకుంటారు.

పుట్టిన చోటును బట్టి పేరు రావడమంటే ఏమిటో సీమ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. హైదరాబాదులో అద్దె ఇంటికి పోయి "మాది కర్నూలు" అంటే ఇంటాయన కళ్లల్లో బాంబులు కనిపిస్తాయి. ఆ లెక్కన నేను కుక్కల పక్షాన వాదించాల్సినవాణ్ణే. కానీ ఈ పోలిక ఒక చోట తెగిపోతుంది. మమ్మల్ని ఎవరూ కొట్లాట కోసం జత కట్టించి కనలేదు. కుక్కల విషయంలో సరిగ్గా అదే జరిగింది.

ఇంగ్లండులో కట్టేసిన ఎద్దు మీదికి కుక్కలను వదిలి చూసే వేడుక ఉండేది. 1835లో చట్టం దాన్ని ఆపింది. ఎద్దు పోయాక కుక్క మీదికి కుక్కను వదలడం మొదలైంది. గోతిలాంటి చిన్న బరిలో పెట్టేవాళ్లు కాబట్టి 'పిట్' అన్న మాట వచ్చింది. దెబ్బ తిన్నా వెనక్కి తగ్గనిదాన్ని, పట్టు వదలనిదాన్ని ఏరి ఏరి జత కట్టించారు. రాట్‌వీలర్ కథ వేరు. జర్మనీలో రాట్‌వైల్ అనే ఊళ్లో కసాయివాళ్ల పశువులను తోలి, మాంసం బండ్లు లాగిన కుక్క అది. కాకేసియన్ షెపర్డ్, టర్కీ కంగాల్ లాంటివి గొర్రెల మందలకు తోడేళ్ల నుంచి కాపలా. కొత్తవాళ్లను నమ్మకపోవడమే వాటి ఉద్యోగం. ఈ గుణాలు రక్తంలో కొంత దిగుతాయి. వేటకు పెంచే పాయింటర్ జాతి పిల్ల ఎవరూ నేర్పకుండానే పిట్టను చూసి కాలెత్తి నిలబడుతుంది. కాబట్టి "జాతిలో ఏమీ లేదు, అంతా పెంపకమే" అనే కుక్కల ప్రేమికుల మాట కూడా సగమే.

ఎంత దిగుతాయన్నదే అసలు గొడవ. 2022లో 'సైన్స్' పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నలడిగారు, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివారు. ఒక కుక్కకూ మరో కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వివరించగలిగింది సుమారు 9 శాతం. చెప్పిన మాట వినడంలాంటి గుణాన్ని జాతిని బట్టి కొంత ఊహించవచ్చట. ఎంత తొందరగా రెచ్చిపోతుందన్నది మాత్రం జాతి పేరు చూసి దాదాపు ఏమీ చెప్పలేమట. మా కుర్రోడు అడిగిన 'కోపం' సరిగ్గా ఆ గుణమే. పిల్లను కొనేటప్పుడు ఒంటి రంగు, తలకాయ సైజు గ్యారంటీగా వస్తాయి. కోపానికి గ్యారంటీ లేదు.

ఆ 9 శాతం చూసి గంతులేయకూడదు. ఎంత తొందరగా కరుస్తుందన్నది ఒక ప్రశ్న. కరిస్తే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. జనం ఈ రెంటినీ కలిపేసి కొట్లాడుకుంటారు. రాట్‌వీలర్ మగది 50 కిలోలుంటుంది. మా చిన్నమ్మ ఇంట్లోని పమేరియన్ ఆరు కిలోలు. ఇద్దరికీ ఒకే రోజు ఒకే చిరాకు వస్తే, ఒక ఇంట్లో పసుపు రాస్తారు, ఇంకో ఇంట్లో అంబులెన్సు పిలుస్తారు. 2022 జూలైలో లక్నోలో 82 ఏళ్ల పెద్దావిడను సొంత ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్ చంపేసింది. 2024 మేలో చెన్నైలో పార్కులో ఐదేళ్ల పాప మీద రెండు రాట్‌వీలర్లు పడ్డాయి. అలాంటి కుక్క పట్టుకుని ఊపితే పెద్దవాళ్లు కూడా విడిపించలేరు. పిట్‌బుల్ దవడకు తాళం పడుతుందనే మాట మాత్రం కట్టుకథ. అలాంటి ఏర్పాటు ఏ కుక్క నోట్లోనూ లేదు. నేషనల్ జియోగ్రాఫిక్ టీవీ కోసం ఒకసారి కాటు బలం కొలిస్తే రాట్‌వీలర్‌కు చదరపు అంగుళానికి 328 పౌన్లు, జర్మన్ షెపర్డ్‌కు 238, పిట్‌బుల్‌కు 235 వచ్చాయి. మూడింటిలో చివరిది అదే. వదలకపోవడం దవడలో లేదు, పట్టుదలలో ఉంది.

అదే సమయంలో 2023 ఫిబ్రవరిని మరిచిపోకూడదు. హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును చంపిన కుక్కలకు ఏ జాతీ లేదు. గుంపుగా ఉన్నాయి, పిల్లవాడు ఒంటరిగా ఉన్నాడు, అంతే.

తాడిపత్రి రోడ్డులో నాకు తెలిసినాయన తోట ఉంది. మేత వేయడానికి నెలకోసారి పోతాను. అక్కడ వేపచెట్టు కింద ఒక రాట్‌వీలర్ కట్టేసి ఉంటుంది. చెట్టు చుట్టూ నేల మీద గుండ్రంగా ఒక బాట పడింది. గానుగ చుట్టూ ఎద్దు తిరిగితే పడేలాంటిది. గొలుసు ఎంతవరకు వస్తుందో అంతవరకు గడ్డి పరక లేదు, ఆ గీత దాటాక పచ్చగా ఉంది. గీత లోపల సత్తుగిన్నె, దాన్లో పాచి పట్టిన నీళ్లు. మెడ కింద వెంట్రుక ఊడి తోలు నల్లగా గట్టిపడింది. దానికి పెట్టిన పేరు టైగర్. ఆ గీత బయట నిలబడి పనోళ్ల పిల్లలు మట్టిగడ్డలు విసురుతారు. అది గొలుసు తెంచుకునేలా ఎగురుతుంది. తోటాయన గర్వంగా "చూసినావా, ఎట్లుందో?" అంటాడు. నేను చూసింది రాట్‌వీలర్‌ను కాదనిపిస్తుంది. ఆ గొలుసుకు ఏ కుక్కను కట్టినా రెండేళ్లలో టైగరే అవుతుంది.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. 2000 నుంచి 2009 వరకు అమెరికాలో కుక్కల వల్ల చనిపోయిన 256 మంది కేసులను పోలీసు, వైద్య రికార్డులతో సహా తిరగేశారు. 87 శాతం కేసుల్లో అడ్డుపడగలిగే మనిషి దగ్గర్లో లేడు. 84 శాతం కేసుల్లో కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కాలేదు. 76 శాతం కేసుల్లో కుక్కను ఇంటి మనుషుల మధ్య పెంచలేదు, గొలుసుకో కంచెలోకో వదిలేశారు. చనిపోయినవాళ్లలో అత్యధికులకు ఆ కుక్కతో పెద్దగా పరిచయం లేదు. ఇలాంటి కారణాలు నాలుగు, అంతకన్నా ఎక్కువ ఒకేచోట కలిసినవి 80 శాతం. నమ్మదగ్గ ఆధారంతో జాతి తేల్చగలిగింది 18 శాతం కేసుల్లోనే. టైగర్ చెట్టు కింద నిలబడి ఈ జాబితా చదువుకుంటే ఒక్కొక్కటికీ టిక్కు పెట్టుకుంటూ పోవచ్చు.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో, మరీ పొట్టి గొలుసుతోనో బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా నేరమే. మొదటిసారి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు. నా కొట్లో గొలుసు ధర అంతకన్నా ఎక్కువ. పెంచినవాడి నిర్లక్ష్యం వల్ల జంతువు ఎవరికైనా హాని చేస్తే భారతీయ న్యాయ సంహిత 291 కింద ఆరు నెలల జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆ సెక్షన్ జాతి అడగదు. తెలుగు కూడా అడగదు. 'ఉసిగొల్పడం' అనే మాట కుక్కను ఉస్కో అని ఎగదోయడం నుంచి వచ్చిందే. కుక్క చేసిన పనికి మన భాషలో ఉన్న క్రియకు కర్త మనిషి.

ఎండ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది అనంతపురం. అమెరికాలో ఎనిమిది నగరాల్లో పదేళ్లలో నమోదైన 69,525 కుక్క కాట్లను వాతావరణంతో పోల్చి 2023లో ప్రచురించారు. వేడి రోజుల్లో కాట్లు 4 శాతం, ఎండలో అతినీలలోహిత కిరణాలు ఎక్కువున్న రోజుల్లో 11 శాతం పెరిగాయి. కుక్కకే చిరాకొచ్చిందో, మనుషులు బయట ఎక్కువ తిరిగారో అందులో తేలదు. మేలో 42 డిగ్రీల ఎండలో, నల్లటి ఒంటితో, రేకుల షెడ్డులో కట్టేసిన రాట్‌వీలర్‌ను చూశాక నాకైతే తేలిపోయింది. కాకసస్ కొండల మంచులో తిరగాల్సిన గుబురు వెంట్రుకల కుక్కను మన దగ్గర ఏసీ లేకుండా పెంచేవాళ్లున్నారు. దాని 'కోపం' గురించి మాట్లాడేముందు దాని నాలుక ఎంత పొడుగు వేలాడుతోందో చూడాలి.

ఇక నన్ను కరిచిన కుక్క గురించి. అది పమేరియన్. మనం పమేరియన్ అంటాం గానీ, మన ఇళ్లలో ఉండేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్. ధర్మవరంలో చిన్నమ్మ ఇంట్లో మంచం కింద చెప్పు తీసుకోబోతే మణికట్టు పట్టింది. "చింటూ ఏమీ అనదు రా" అని చిన్నమ్మ అంటూనే ఉంది. తర్వాత ఆలోచిస్తే, ఆర్నెల్ల ముందు వరకు చింటూ గుర్రుమనేది. ఇంటికొచ్చినవాళ్ల ముందు బాగోదని గుర్రుమన్న ప్రతిసారీ మూతి మీద కొట్టి మాన్పించారు. చెప్పడం మానేసి నేరుగా కరిచింది. గుర్రుమనడం కుక్క మనకు చేసే ఉపకారం. అంతకన్నా ముందు కూడా చెబుతుంది: మూతి నాక్కుంటుంది, నిద్ర రాకున్నా ఆవలిస్తుంది, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తుంది, ఒళ్లు బిగబట్టి నిలబడిపోతుంది. తోక నిటారుగా బిగించి ఊపడం కూడా ఒక హెచ్చరికే. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి దగ్గరికి పోయినవాళ్లు ఆసుపత్రి వరసలో చాలామంది కలుస్తారు. ఒళ్లోపట్టే చిన్న జాతులు అపరిచితుల మీద, యజమానుల మీద కూడా పెద్దవాటికన్నా ఎక్కువ కయ్యానికి దిగుతాయని యజమానులను అడిగి చేసిన సర్వేల్లో తేలింది. అవి కరిస్తే నవ్వేస్తాం కాబట్టి ఎక్కడా రాయరు.

చింటూ కరిచాక నేను నిలబడ్డ ఆసుపత్రి వరసలో నా ముందున్నాయన పిక్క మీద తెల్లగా సున్నం పూసి ఉంది. కారప్పొడి అద్దుకొచ్చిన ఇంకొకాయన్ను చూశాను. వాళ్ల వెనక ఎనిమిదేళ్ల పాప. వీధిలో ముద్దొచ్చే కుక్కపిల్ల గోరు గీసుకుందట, చిన్న గీత. నర్సమ్మ ఆ గీతను చూసినంత జాగ్రత్తగా నా మణికట్టును చూడలేదు. చింటూకు టీకాలున్నాయి. ఆ కుక్కపిల్ల సంగతి ఎవరికీ తెలియదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టేవాళ్లు దాదాపు ఉండరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా లోకం మొత్తం మీద రేబిస్‌తో పోయే 59 వేల మందిలో మూడో వంతుకు పైగా మన దేశంవాళ్లే. ఆ చావుల్లో జాతి కుక్కల పాత్ర వెతకడం దండగ. టీకా పడిందా లేదా అన్నదే అక్కడ జాతి. కరిచినా గీరినా సున్నం, కారం, ఆకు పసరు కాదు, కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. తర్వాత ఆసుపత్రి. చేతి చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో, చర్మం తెగి రక్తం వస్తే గాయంలోకే వేసే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ క్రిమిని అక్కడికక్కడే అడ్డుకునే మందు). బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయి ఇరవై ఏళ్లు దాటింది, ఆ భయం మాత్రం ఊళ్లల్లో ఇంకా పోలేదు. కుక్కలకైతే ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో ఊరికే టీకాలు వేస్తారు. లూయీ పాశ్చర్ 1885లో ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా ఇచ్చిన రోజు అది.

నిషేధిస్తే పోతుంది కదా అని అడిగేవాళ్లకు రెండు దేశాలు. బ్రిటన్ 1991లో పిట్‌బుల్, టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరోలను నిషేధించింది. ముప్పై ఏళ్లు తిరిగేసరికి, ఆ పట్టీలో లేని ఎక్స్‌ఎల్ బుల్లీ అనే కొత్త రకం పుట్టుకొచ్చి మనుషులను చంపింది. 2024 ఫిబ్రవరి 1 నుంచి అనుమతి పత్రం లేకుండా దాన్ని పెంచుకోవడం ఇంగ్లండు, వేల్స్‌లో నేరం. నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్‌ను నిషేధించి, కాట్లు తగ్గడం లేదని 2008లో ఎత్తేసింది. అలాగని చట్టమే వద్దనే వాదన నాకు నచ్చదు. 50 కిలోల కుక్కను ఇరుకు సందులోకి తెచ్చుకునేవాడికి లైసెన్సు ఉండాలి, వీధిలోకి తెస్తే మూతికి చిక్కం ఉండాలి, ఎద్దుకు కడుతున్నాం కదా, కుక్కకు నామోషీ ఏమిటి? జాతి చూసి కాకుండా బరువు చూసి పెట్టినా నేను ఒప్పుకుంటాను.

చీనీ తోట కుర్రోడికి ఇదంతా చెప్పలేదు. కొట్లో అంత తీరిక ఉండదు. "దొంగను ఆపాలంటే మొరిగే కుక్క చాలప్పా, కరిచే కుక్కతో కేసులు వస్తాయి. ఊళ్లోనే రెండు నాటు పిల్లలను తెచ్చి తోటలో మీతోపాటు తిప్పుకో. కురుబోళ్ల గొర్రెల వెంట పోయే కుక్కలు చూడలేదా, గొలుసు ఉందా వాటికి?" అన్నాను. తల ఊపి పోయాడు.

నెలన్నర తర్వాత బైకు మీద వచ్చాడు. హెల్మెట్ తలకిందులుగా పట్టుకుని, దాన్లో తువ్వాలు పరిచి, గోధుమ రంగు పిల్ల. నాకు లెక్క వేయడం అలవాటు కాబట్టి పళ్లు చూశాను. ముప్పై, ముప్పై ఐదు రోజులు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు చెబుతాయి. తోటి పిల్లల చెవులు కొరికి, అవి కీచుమంటే ఆగి, ఎంత గట్టిగా కొరకాలో నేర్చుకునేది ఆ వారాల్లోనే. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగో వారం దాకా చూసిన మనుషులు, చప్పుళ్లు, పిల్లలు, బైకులే దానికి జీవితాంతం మామూలు లోకం. చూడనివన్నీ అనుమానమే. ఆ హెల్మెట్‌లోని పిల్లకు ఇంకా సుమారు రెండు నెలల గడువుంది. పిట్‌బులో కాదో నాకు తెలియలేదు, అతనికీ తెలియదు, అమ్మినవాడికి తెలుసనీ నమ్మను.

"కోపం ఎన్నో నెలలో వస్తుందన్నా?" అన్నాడు.

పిల్ల కళ్లు మూసుకునే నా వేలు చప్పరిస్తోంది. పాలపొడి డబ్బా, పిడుదుల పౌడరు, పిల్ల బెల్టు తీసి పెట్టాను. రోజూ బడి వదిలే టైముకు దాన్ని స్కూలు గేటు దగ్గరికి ఎత్తుకుపో, పిల్లోళ్లను చూడనీ అన్నాను. సరేనన్నాడు. డబ్బులిచ్చి, వెనక్కి తిరిగి, గుర్తొచ్చినట్టు ఆగాడు.

"ఒక మంచి గట్టి గొలుసు ఇయ్యన్నా."

అయిపోయినాయప్పా అన్నాను. నా వెనక మేకుకు పన్నెండు వేలాడుతున్నాయి.